మేడ మీద బార్బెక్యూ: థర్మామీటరుకి ఏ పని అప్పగించాలి, చేతికి ఏ పని అప్పగించాలి

ఆదివారం సాయంత్రం బెంగళూరు మారతహళ్ళిలోనో, కేఆర్ పురంలోనో ఏదో ఒక మేడ మీద మనవాళ్ళు పదిమంది గ్రిల్ చుట్టూ చేరారంటే, అందులో కనీసం ఇద్దరు నిపుణులు తేలతారు. ఒకాయన పట్టకారుతో ముక్కను నొక్కి "అయిపోయింది బావా, దించెయ్" అంటాడు. రెండో ఆయన అమెరికా వీడియోలు చూసి వచ్చి "203 రావాలి, అప్పుడే దించాలి" అని అడ్డుపడతాడు. అది ఫారెన్‌హీట్ అనీ, అదీ పెద్ద పంది భుజానికో, ఎద్దు బ్రిస్కెట్‌కో (ఛాతీ మాంసానికో) చెప్పిన అంకె అనీ ఆయనకు పట్టదు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నిప్పు ఎలా ఉందో చెప్పడానికి కన్ను, ముక్కు, అరచెయ్యి చాలు. ముక్క నడిమధ్య ఎంత వేడెక్కిందో వాటికి అందదు, అక్కడ థర్మామీటరు మాటే చెల్లుతుంది. మాంసం మెత్తబడిందా లేదా అన్నది మళ్ళీ చేతి పని. మూడు ప్రశ్నలు, మూడింటికీ వేరువేరు సాక్షులు. ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగితేనే చికెన్ పిండిపిండిగా, మటన్ నమిలినా తెగకుండా తయారవుతాయి.

"మా నాయనమ్మ ఏ మీటరు పెట్టి వండింది?" అని అడిగేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. నాయనమ్మ వండింది పులుసు. మరిగే పులుసు 100 డిగ్రీలు దాటదు (ఇక్కడి నుంచి నేను చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). గంటసేపు అందులో ఉన్న ముక్క పచ్చిగా మిగిలే ప్రసక్తే లేదు. మారేడుమిల్లి వైపు బొంగులో చికెన్ కాల్చేవాళ్ళకీ అదే ధీమా. బయట ఎంత మంట ఉన్నా వెదురు లోపల ఉడికేది తేమ ఆవిరిలోనే. గ్రిల్ మీద మనకు ఆ రక్ష లేదు. ముక్క పైన 200 దాటిన సెగ తగులుతుంటే లోపల ఇంకా ఫ్రిజ్ చల్లదనమే ఉండొచ్చు.

ఏ మీటరు కొనాలి

సన్నటి మొన ఉండి, గుచ్చిన మూడు నాలుగు సెకన్లలో అంకె చూపించే డిజిటల్ మీటరు ఒకటి చాలు. ఆన్‌లైన్‌లో వందల్లోనే దొరుకుతాయి. పొగ మీద గంటల తరబడి వండే ఆలోచన ఉంటే, తీగ చివర ప్రోబ్ (వేడిని కొలిచే మొన) ఉండి, మాంసంలోనే వదిలేయగలిగేది ఇంకొకటి తీసుకోండి. రెండు ప్రోబులు ఉన్నదైతే మరీ మంచిది. ఒకటి మాంసానికి, ఒకటి గ్రిల్ లోపలి గాలికి.

గుండ్రటి ముల్లు డయల్ రకం వద్దు. దాని కాడలో వేడిని పసిగట్టే లోహపు చుట్ట చివర్నుంచి ఐదారు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పొడవూ మాంసంలో మునిగితేనే సరైన అంకె వస్తుంది. టిక్కా ముక్కలో దాన్ని ఎక్కడ ముంచుతారు? తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ మీటరు పైపొర వేడి మాత్రమే చెబుతుంది. పెనానికి బాగుంటుంది, ముక్క లోపలికి పనికిరాదు. గ్రిల్ మూత మీద కంపెనీవాళ్ళు బిగించిన డయలు ఉందే, అది మూత దగ్గరి గాలి సంగతి చెబుతుంది. మాంసం ఉండేది కింద జాలీ మీద. రెండింటికీ 20 డిగ్రీల తేడా రావడం మామూలే.

వంటకు ముందు పరీక్ష పెట్టండి

గ్లాసు నిండా ఐసు ముక్కలు నలగ్గొట్టి పోసి, సందులు నిండేదాకా నీళ్ళు పోయండి. కలిపి రెండు నిమిషాలు ఆగి, మొన గ్లాసుకు తగలకుండా మధ్యలో పెట్టండి. 0 చూపించాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే సర్దుకుపోవచ్చు.

రెండో పరీక్ష మరిగే నీళ్ళు. బెంగళూరులో ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీ మీటరు 97 చూపిస్తే అది నిజమే చెబుతోంది. "100 రాలేదు, ఇది దొంగ సరుకు" అని తిప్పి పంపకండి. సర్దుబాటు మీట ఉంది కదా అని 100కి తిప్పారో, ఆ రోజు నుంచి ప్రతి ముక్కకూ మూడు డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది. 71 దగ్గర ఉన్న కోడి 74 అని అబద్ధమాడుతుంది. అదే మీటరును సంక్రాంతికి నెల్లూరు తీసుకెళ్ళి పరీక్షిస్తే 100 దగ్గరే ఆగుతుంది. చెన్నైలోనూ అంతే. ఈ తిరకాసు వద్దనుకుంటే ఐసు పరీక్ష ఒక్కటే పెట్టుకోండి, ఏ ఊళ్ళో అయినా 0 సున్నాయే.

నిప్పును చేత్తోనే చూడండి

ఇక్కడ మీటరు పక్కన పెట్టేయండి. బొగ్గు పూర్తిగా అంటుకుని పైన తెల్లటి బూడిద పొర పట్టేదాకా ముక్క వేయొద్దు. కొబ్బరి చిప్పల బొగ్గు అయినా, కట్టెబొగ్గు అయినా ఇదే లెక్క. తర్వాత జాలీకి జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తులో అరచెయ్యి చాపి లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లకే చెయ్యి లాగేసుకుంటే పెద్ద సెగ, ఐదారు సెకన్లు ఆగితే మధ్యరకం, ఎనిమిది పది దాకా ఓర్చుకుంటే సన్నసెగ. మనిషికీ మనిషికీ ఓర్పు వేరు కాబట్టి ఎప్పుడూ ఒకే మనిషి చెయ్యి పెట్టాలి. ఆ పని అత్తగారికి అప్పగిస్తే మాత్రం అన్నీ సన్నసెగలే అవుతాయి, నలభై ఏళ్ళు పెనం మీద చేత్తో దోసె తిప్పిన చెయ్యి అది.

బొగ్గు అంతా ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా వదలండి. నిప్పు పక్కన రంగు, ఖాళీ పక్కన ఉడుకు. ఎముక ఉన్న లెగ్ పీసును ముందు ఖాళీ పక్క మూత పెట్టి ఉడికించి, చివర్లో నిప్పు పక్కకు జరిపి కాల్చడం నాకు నచ్చిన పద్ధతి. పైన మాడి లోపల పచ్చిగా ఉండే గొడవ సగం ఇక్కడే తీరిపోతుంది.

ఒక జాగ్రత్త. వాన వచ్చిందని నిప్పుల గ్రిల్‌ను తలుపులు మూసిన బాల్కనీలోకో, హాల్లోకో లాక్కెళ్ళకండి. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ఈ విషయంలో ఏ ముక్కూ పనికిరాదు.

ఎక్కడ గుచ్చాలి

మంచి మీటరు ఉండి కూడా తప్పు అంకె రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ గుచ్చిన చోటే. ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్న భాగం చూసుకుని, పై నుంచి కాకుండా పక్క నుంచి గుచ్చండి. మొన మధ్యకు చేరాలి. ఎముకకు తగలకూడదు. ఎముక పక్కన అంకె ఒకలా, కండ మధ్యలో ఇంకోలా వస్తుంది. గుచ్చి కొంచెం లోపలికి తోసి, మెల్లగా వెనక్కి లాగుతూ చూడండి. అన్నిటికంటే తక్కువ అంకె ఎక్కడ కనిపించిందో అదే ఆ ముక్క నిజమైన వేడి.

మన పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. మసాలా లోపలికి దిగాలని కోడి తొడలకు లోతుగా గాట్లు పెడతాం. ఆ గాటులోకి మొన దిగితే మీటరు కొలిచేది వేడిగాలిని, కారిన మసాలాని. రెండు గాట్ల మధ్య ఉన్న కండలో గుచ్చాలి. సీకులు అయితే ఇనుప ఊచ వేడిని లోపలికి మోసుకుపోతుంది కాబట్టి ఊచకు ఆనించకుండా, ఊచకూ అంచుకూ మధ్య చూడండి. ఒక్క ముక్క చూసి పళ్ళెమంతా దించేయకండి. పెద్ద ముక్కనూ, నిప్పుకు దూరంగా ఉన్న ముక్కనూ విడివిడిగా అడగండి.

కోడి: రంగును నమ్మొద్దు

కోడికి అంకె 74. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 165 ఫారెన్‌హీట్ ఇదే. ఆ వేడికి సాల్మొనెల్లా అనే రోగక్రిమి వెంటనే చస్తుంది. 66 దగ్గర కూడా చస్తుంది గానీ, లోపలంతా ఆ వేడి కొన్ని నిమిషాలు నిలబడాలి. మొదట్లో ఆ లెక్కలు వద్దు, 74 పట్టుకోండి. బ్రెస్ట్ ముక్క మందంగా ఉంటే 71, 72 దగ్గర దించి మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. పైపొరలోని వేడి లోపలికి పాకి మిగతా రెండు మూడు డిగ్రీలు అదే ఎక్కుతుంది. ఎక్కిందో లేదో ఇంకోసారి గుచ్చి చూసుకుంటేనే లెక్క. తొడ, లెగ్ పీసు మాత్రం 74 దగ్గర తినదగినవే అయినా ఎముక దగ్గర జిగురుగా అనిపిస్తాయి. 80 దాటాక, 85 లోపు దించండి. అందులో కండను పట్టి ఉంచే జిగురు పొరలు (కొలాజెన్) ఎక్కువ కాబట్టి ఆ వేడికి ఎండిపోకపోగా ఇంకా మెత్తబడతాయి.

"లోపల ఎర్రగా ఉంది, ఇంకా కాల్చు" అనే మాట మేడ మీద ఎన్నో మంచి కోళ్ళను పాడుచేసింది. మనం కొనే బ్రాయిలర్ ఐదారు వారాల పిల్ల. దాని ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు, లోపలి మూలుగ రంగు ఉడికేటప్పుడు బయటికి ఊరి చుట్టూ ఉన్న కండను ఎర్రగా చేస్తుంది. 85 డిగ్రీలు వచ్చినా ఆ ఎరుపు అలాగే ఉండొచ్చు. దీనికి రివర్స్ కూడా ఉంది. నిమ్మరసం, పెరుగు పట్టిన ముక్క పైపొర పచ్చిగా ఉండగానే తెల్లబడుతుంది. పసుపు, కాశ్మీరీ కారం పూశాక ఇక రంగు చూసి చెప్పేది ఏముంటుంది?

మటన్ కైమాతో చేసిన సీకులకు 71. ముక్కగా ఉన్నప్పుడు క్రిములు పైపొర మీదే ఉంటాయి, కైమా కొట్టినప్పుడు పైపొర అంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే "మటనే కదా, కొంచెం అటూ ఇటూ అయినా ఫర్లేదు" అనే ధైర్యం కైమా దగ్గర చెల్లదు. చేపకు 63, కానీ వంజరం ముక్కకు మీటరు తీయడం నాకైతే అతిగా అనిపిస్తుంది. ఫోర్కుతో తాకగానే పొరలు పొరలుగా విడిపోతే దించేయండి. రొయ్య కూడా అంతే, మెలి తిరిగి, మధ్యలో పారదర్శకం పోయి తెల్లబడితే చాలు.

నాటుకోడి, మటన్: అంకె వచ్చినా పని కాదు

బ్రాయిలర్‌కు పనికొచ్చిన లెక్క నాటుకోడికి వేసి చూడండి. 74 వస్తుంది, తినడానికి భయం లేదు, కానీ పంటికి లొంగదు. ఏడాది పాటు వాకిళ్ళు, దిబ్బలు తిరిగిన కోడి అది. దాని కండల్లోని కొలాజెన్ ముదిరి గట్టిపడి ఉంటుంది. అది కరిగి జిగురుగా మారాలంటే వేడి ఒక్కటే చాలదు, ఆ వేడిలో చాలాసేపు ఉండాలి. క్షేమంగా ఉందా అన్నది అంకె చెబుతుంది. మెత్తగా ఉందా అన్నది చెప్పదు. నాటుకోడిని గ్రిల్ చేయాలనే పట్టుదల ఉంటే ముందు ఉప్పు, అల్లం, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి, ఆరబెట్టి, నిప్పు మీద రంగు తెప్పించండి. చిన్నతనం ఏమీ కాదు.

మటన్‌కు అమెరికా పట్టికలో 63 అని ఉంటుంది, దించాక మూడు నిమిషాలు ఆగమంటారు. ఆ వేడికి లోపల గులాబీ రంగులో ఉంటుంది. మన ఇళ్ళలో ఆ ముక్క వడ్డిస్తే పెద్దవాళ్ళు పళ్ళెం పక్కకు జరుపుతారు. లేత గొర్రె చాప్స్ అయితే పెద్ద సెగ మీద త్వరగా తిప్పి 70 దగ్గర దించండి. ఎరుపు పోతుంది, రసం మిగులుతుంది. అక్కడ దించలేకపోతే, ఇక 90 దాటేదాకా ఓపిక పట్టాలి. ఆ రెండింటి మధ్య, 75 నుంచి 85 దాకా, మటన్‌కు అన్నిటికంటే చెడ్డ చోటు. కండ బిగుసుకుని నీరంతా పిండేస్తుంది, కొలాజెన్ ఇంకా కరిగి ఉండదు. మేడ మీద తినే గట్టి మటన్‌లో ఎక్కువ భాగం అక్కడే దించింది. "ఇంకా గట్టిగా ఉంది, మాడిపోయిందేమో" అనుకుంటాం గానీ, నిజానికి దానికి ఉడుకు చాలలేదు.

ఇంకో మాట. పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికే నిప్పు మీద పెట్టకండి. కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి. శనివారం తెచ్చి ఉప్పు రాసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే ఆదివారానికి మనకు సగం కష్టం తగ్గుతుంది.

మేక భుజం పొగ మీద

శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌లో అయినా, మీ వీధి చివరి కొట్టులో అయినా ఎముకతో సహా పూర్తి భుజం, రెండు కిలోలకు అటూ ఇటూగా, ముక్కలు కొట్టకుండా ఇమ్మని అడగండి. అలవాటుగా కత్తి ఎత్తేస్తారు, అందుకని తూకానికి ముందే చెప్పాలి. తొడ కంటే భుజమే మేలు, కొవ్వూ జిగురూ ఎక్కువ.

నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి వద్దు. సెగ మీద పది నిమిషాల్లో కాలే ముక్కకు అది మేలు చేస్తుంది. అందులో మాంసాన్ని మెత్తబరిచే పపైన్‌కు బలం వచ్చేది 60, 70 డిగ్రీల మధ్య. పెద్ద సెగలో ఆ మెట్టు క్షణాల్లో దాటిపోతాం. పొగ మీద మాంసం అక్కడే గంటల కొద్దీ కూర్చుంటుంది, పైపొర ముద్దయి చేతికి అంటుకుంటుంది. ఉప్పు, మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి, కాస్త ఆవనూనె చాలు.

మూత ఉన్న గ్రిల్‌లో ఒక పక్క కొద్దిగా రాజుకున్న బొగ్గు, దాన్ని ఆనుకుని ఇంకా అంటుకోని బొగ్గు పేర్చండి. రెండో పక్క కింద నీళ్ళ పళ్ళెం, పైన భుజం. జాలీ ఎత్తులో, మాంసానికి నాలుగు వేళ్ళ దూరంలో గాలి ప్రోబ్ బిగించండి. 107 నుంచి 121 మధ్య నిలపాలి, అమెరికా వాళ్ళ 225, 250 ఇవే. జూన్, జులైల్లో బెంగళూరు మేడల మీద పడమటి గాలి గట్టిగా కొడుతుంది. కింది రంధ్రాలు గాలికి ఎదురుగా ఉంటే వేడి దూసుకుపోతుంది. గ్రిల్‌ను పిట్టగోడ చాటుకు జరపండి.

పొగకు ఎండిన మామిడి, జామ కట్టె ముక్కలు రెండో మూడో చాలు. పాత తలుపు చెక్కలు, రంగు వేసినవి, ప్లైవుడ్ అసలు వద్దు. ఇక్కడ మీ ముక్కు, కళ్ళే మీటరు. తెల్లగా దట్టంగా వచ్చే పొగ కళ్ళు మండిస్తుంది, మాంసానికి చేదు పట్టిస్తుంది. అది తగ్గి, ఉందో లేదో అన్నట్టు పల్చగా నీలంగా మారాకే భుజం లోపల పెట్టండి.

మొదటి రెండు గంటలూ అంకె చకచకా ఎక్కుతుంది. 65, 70 దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి గంట దాటినా కదలదు. మీటరు పాడైందని కొందరు, నిప్పు చాలలేదని కొందరు హడావుడి పడి గంపెడు బొగ్గు పోస్తారు. అసలు జరిగేది ఏమిటంటే మాంసానికి చెమట పడుతోంది. పైకి ఊరిన నీరు ఆవిరవుతూ, మనం ఇచ్చే వేడిని ఇచ్చినంతా పట్టుకుపోతోంది. గాలి ప్రోబ్ 110 చూపిస్తోందా? అయితే ఏం చేయొద్దు, టీ తాగండి. లేదా పైరంగు మీకు నచ్చినట్టు వచ్చి ఉంటే అరిటాకును సెగకు వాడ్చి, రెండు వరసలు చుట్టి, పైన ఫాయిల్ వేసి మళ్ళీ పెట్టండి. తేమ బయటికి పోయే దారి లేక అంకె మళ్ళీ కదులుతుంది. అరిటాకు వాసన ఎలాగూ అదనం.

90 దాటాక మీటరు పని అయిపోయింది. అక్కడి నుంచి సన్నటి ఊచ తీసుకుని ఆకుమీంచే గుచ్చి చూడండి. ఎక్కడా అడ్డు తగలకుండా, మెత్తటి వెన్నలో దిగినట్టు దిగాలి. ఒక భుజం 91కే లొంగుతుంది, ఇంకొకటి 96 దాకా మొండికేస్తుంది. మేక వయసు ఏ పట్టికకూ తెలియదు. భుజం ఎముకను పట్టుకుని తిప్పితే విడిగా తిరగడం ఇంకో గుర్తు. నాలుగైదు గంటలు పడుతుంది, ఆరు కూడా పట్టొచ్చు. భోజనం వేళ అతిథులకు చెప్పేటప్పుడు ఆ ఆరే లెక్క వేసుకోండి. తొందరగా అయిపోతే ఆకుతో సహా హాట్ ప్యాక్‌లో పెట్టి మూసేయండి, లోపల 60కి తగ్గకుండా ఉన్నంతసేపూ బెంగలేదు.

కోసినప్పుడు అంచు వెంబడి గులాబీ రంగు పట్టీ కనిపిస్తుంది. పచ్చిదనం కాదు అది, పొగలోని వాయువులు మాంసం రంగుతో కలిసి అలా నిలిచిపోతాయి. వడ్డించే ముందే ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే భుజాన్ని మళ్ళీ కుక్కర్‌లో పెట్టమంటారు.

చేతికి చదువు చెప్పడం

మీటరు గుచ్చే ప్రతిసారీ, గుచ్చడానికి ముందు ముక్కను వేలితో నొక్కి, కారే రసం చూసి ఒక అంకె మనసులో అనుకోండి. తర్వాత గుచ్చండి. మొదట్లో పదేసి డిగ్రీలు తప్పుతుంది. మీ గ్రిల్, మీ బొగ్గు, మీ కొట్టు మాంసం మారకుండా ఉంటే కొన్నాళ్ళకు తేడా తగ్గుతుంది. బోన్‌లెస్ టిక్కా లాంటివి చేతి లెక్కతోనే దించగలుగుతారు, అప్పుడప్పుడు ఒక ముక్క గుచ్చి సరిచూసుకుంటే సరిపోతుంది. కైమాకూ, చిన్నపిల్లలకూ గర్భిణులకూ పెట్టే కోడికీ మాత్రం చెయ్యి ఎంత తిరిగినా మీటరు మానొద్దు.

పచ్చి మాంసం 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 దాటితే గంటే. బెంగళూరు సాయంత్రాల్లో కొంత వెసులుబాటు ఉంటుంది గానీ, చెన్నైలో మే నెలలో మేడ ఎక్కేవాళ్ళు ముక్కల గిన్నెను ఐసు డబ్బాలోనే ఉంచి విడతలు విడతలుగా తీయాలి. పచ్చిముక్కలు నానిన మసాలాను కాలుతున్న ముక్కల మీద రాయాలంటే ముందు మరిగించండి, ఇంకా మంచిది ముందే కొంచెం విడిగా తీసి ఉంచడం. పచ్చిముక్కలో గుచ్చిన మొనను కడగకుండా అయిన ముక్కలో గుచ్చకండి. తడి గుడ్డతో తుడిచి, స్పిరిట్ దూదితో ఒకసారి రాస్తే చాలు. తీగ ఉన్న ప్రోబ్‌ను సింకులో ముంచొద్దు, తీగ, మొన కలిసే చోట నీరు దిగితే ఆ మర్నాటి నుంచి తోచిన అంకెలు చూపిస్తుంది. మిగిలిన భుజం మాంసాన్ని వేడి తగ్గగానే ఎముక తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మర్నాడు 74 దాకా వేడిచేసి పులావులో కలిపినా, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేపుడు చేసినా బాగుంటుంది.